అడవి కందికి కొండ మీద చోటు ఉంచండి: ఎన్‌ఎండీసీ యాజమాన్యానికి బహిరంగ లేఖ

చైర్మన్ గారికి, డైరెక్టర్లకు, పర్యావరణ విభాగం అధికారులకు,
ఎన్‌ఎండీసీ, ఖనిజ్ భవన్, మాసాబ్ ట్యాంక్, హైదరాబాద్.

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను మెహదీపట్నంలో ఉంటాను. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా సొంతూరు తాండూరు వైపు పల్లె. కంది పండించి బతికిన కుటుంబం మాది. ఒక మొక్క కోసం మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇనుప ఖనిజం తవ్వే సంస్థకు ఒక అడవి మొక్క గురించి రాయడమేమిటని అనుకోకుండా చివరిదాకా చదవమని మనవి. మీ దగ్గరికి రావడానికి బలమైన కారణమే ఉంది.

ఆ మొక్క అడవి కంది. వృక్షశాస్త్రంలో దాని పేరు కజానస్ కజానిఫోలియస్. చిక్కుడు కుటుంబానికి చెందిన పొద. మనం చేలో వేసే కందికి ఇదే మూలమని శాస్త్రవేత్తలు తేల్చారు. కజానస్ ప్రజాతిలో 32 జాతులున్నాయి. వాటిలో మనం తినే కంది ఒకటి, మిగతావన్నీ అడవి మొక్కలే. కొన్ని మన దేశంలో, కొన్ని ఆస్ట్రేలియాలో పెరుగుతాయి. ఒకటి పశ్చిమ ఆఫ్రికాలో ఉంది. మన హైదరాబాద్ చుట్టుపక్కల రాళ్లగుట్టల మీద గడ్డిలో పాకుతూ చిన్న పసుపు పూలు పూసే కజానస్ స్కారబియోయిడిస్ కూడా వాటిలో ఒకటే. దానికి పెద్ద భయం లేదు, దేశమంతటా కనిపిస్తుంది. కందికి అన్నిటికంటే దగ్గరి చుట్టం కజానిఫోలియస్. అది మాత్రం అన్నిచోట్లా లేదు. ఒడిశా కొండలు, ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ కొండలు, తూర్పు కనుమల ఉత్తర భాగం, అంతే. మీ బైలాడిలా గనులున్నది ఆ బస్తర్ కొండల్లోనే. అందుకే ఈ ఉత్తరం మీకు.

చూడడానికి అచ్చం కందిలాగే ఉంటుంది. నిటారుగా పెరుగుతుంది. ఒక్కో ఆకులో మూడు చిన్నాకులు, కొమ్మల మీద పసుపు పూలు. తెలియనివాళ్లు చూస్తే ఎవరో దారిలో గింజ జారవిడిస్తే మొలిచిన కంది మొక్క అనుకుంటారు. తేడా కాయలోనూ గింజలోనూ ఉంది. చేలో కంది కాయ ఎండినా, మనం కోసి, కట్టెతో కొట్టేదాకా గింజను వదలదు. అడవి కంది కాయ ఎండగానే పగిలి గింజల్ని నేల మీదికి చిమ్మేస్తుంది. గింజ చిన్నది, ముదురు రంగుది, మచ్చలుంటాయి. బొడ్డు దగ్గర చిన్న కండలాంటి భాగం కనిపిస్తుంది. మన కందిగింజలో మామూలుగా అది ఉండదు. పగలని కాయ ఉన్న మొక్కని, లావు గింజ ఉన్న మొక్కని ఏరి ఏరి విత్తనానికి దాచుకున్న రైతుల వల్ల అడవి కంది కాస్తా చేను కంది అయింది. ఒడిశాలో గోపాల్‌పూర్, గోల్బాయి సాసన్ దగ్గర జరిగిన తవ్వకాల్లో మూడు వేల ఏళ్ల కిందటి కందిగింజలు దొరికాయి. అప్పటికే ఆ ప్రాంతంలో జనం కంది తింటున్నారన్నమాట.

మన ఊళ్లో కంది లేని ఇల్లు ఉండదు. ముద్దపప్పు, పప్పుచారు, సాంబారు, పాతబస్తీలో ఖట్టీ దాల్, అన్నిటికీ కందిపప్పే. తాండూరు కందికి 2022 చివర్లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మా ఊరివాళ్లు ఎంత సంబరపడ్డారో చెప్పలేను. అదే కందిపప్పు 2015లో కిలో రెండు వందలకు చేరినప్పుడు మధ్యతరగతి ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో కూడా గుర్తుంది. మరుసటి ఏడాదే కేంద్ర ప్రభుత్వం మొజాంబిక్‌తో కంది దిగుమతికి ఒప్పందం చేసుకుంది. కంది పుట్టిల్లు మన దేశం, ప్రపంచంలో ఎక్కువగా పండించేదీ మనమే. అయినా కందికోసం ఆఫ్రికా వైపు, బర్మా వైపు చూడాల్సి వస్తోంది. దిగుబడి చాలా కాలంగా పెద్దగా పెరగకపోవడం దీనికి ఒక ముఖ్య కారణం.

దిగుబడి ఎందుకు పెరగలేదు అన్న ప్రశ్నకు జవాబులో సగం ఈ అడవి మొక్క దగ్గరే ఉంది. రైతులు మేలైన గింజల్ని ఏరుకుంటూ వచ్చినప్పుడు, వాటితోపాటు అన్ని గుణాలూ చేలోకి రాలేదు. చాలా అడవిలోనే మిగిలిపోయాయి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నాయకత్వంలో 2011 చివర్లో కంది జన్యుక్రమం వెలువడింది. మన రైతులకు బాగా తెలిసిన ‘ఆశ’ రకం మీదే ఆ పని చేశారు. దానిలో 48,680 జన్యువులు ఉన్నట్టు అంచనా వేశారు. ఆ తర్వాత 2017లో 292 కంది రకాల, అడవి జాతుల జన్యువుల్ని పక్కపక్కన పెట్టి చూశారు. అడవిలో ఉన్న వైవిధ్యంతో పోలిస్తే చేలోకి వచ్చింది చాలా తక్కువని మళ్లీ రుజువైంది. మన చేలల్లో ఉన్న రకాలన్నీ ఒకదానికొకటి మరీ దగ్గరి బంధువులు. ఎండు తెగులో, వెర్రి తెగులో, కాయతొలిచే పురుగో కొత్త బలంతో వస్తే ఎదుర్కునే గుణం కోసం మళ్లీ అడవి జాతుల దగ్గరికే వెళ్లాలి.

ఇదేదో ఎప్పుడో జరగబోయేదని అనుకోకండి. ఇప్పటికే జరిగింది. కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ కథ జరిగింది మన ఊళ్లోనే.

కంది పువ్వులో కేసరాలూ, అండాశయమూ ఒకే చోట ఉంటాయి. వెనకాల ఒక పెద్ద రేక, పక్కల రెండు రెక్కలు, లోపల కలిసిపోయిన రెండు రేకలు. ఆ రెండు రేకల లోపల పువ్వు తన పుప్పొడిని తనే పడేసుకుంటుంది. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ఒక వరుసలో పుప్పొడి పనిచేయని మొక్కలుండాలి, పక్క వరుస నుంచి తుమ్మెదలూ తేనెటీగలూ పుప్పొడి తేవాలి. లక్షల పూలలో కేసరాలు చేత్తో తీయడం అయ్యే పని కాదు. 1991లో ఇక్రిశాట్ వాళ్లు ప్రపంచంలోనే మొదటి కంది హైబ్రిడ్ తెచ్చారు కానీ, ఆ పద్ధతిలో విత్తనం తయారు చేయడం రైతుకీ కంపెనీకీ భారమైంది. ఎందుకంటే తల్లి వరుసల్లో సగం మొక్కలకు పుప్పొడి పనిచేస్తుంది, వాటిని పూత దశలో చూసి చూసి పీకెయ్యాలి.

దారి చూపింది అడవి కందే. దాన్ని తల్లిగా, సాగు కందిని తండ్రిగా పెట్టి సంకరం చేశారు. ఆ సంతానంలో పుప్పొడి పనిచేయని మొక్కలు వచ్చాయి. కారణం మైటోకాండ్రియాలు. కణాల్లో ఉండే ఈ భాగాలు తండ్రి నుంచి రావు, తల్లి నుంచే వస్తాయి. అడవి తల్లి మైటోకాండ్రియాకూ, చేను తండ్రి కేంద్రకానికీ పొత్తు కుదరక పుప్పొడి చచ్చిపోతుంది, అండాశయానికి మాత్రం ఏ లోపమూ ఉండదు. శాస్త్రవేత్తలు ఈ పద్ధతికి ఏ4 అని పేరు పెట్టారు. వాళ్లు వాడిన అడవి కంది నమూనా సంఖ్య ఐసీపీడబ్ల్యూ 29. 2005లో ఈ ఫలితం అచ్చయింది. దీనితో తయారైన ఐసీపీహెచ్ 2671 హైబ్రిడ్ 2010లో మధ్యప్రదేశ్‌లో, ఐసీపీహెచ్ 2740 హైబ్రిడ్ ‘మన్నెంకొండ కంది’ అనే పేరుతో 2015లో మన తెలంగాణలో విడుదలయ్యాయి. విత్తనం ఖర్చు, విత్తనోత్పత్తి కష్టాల వల్ల ఇవి ఇంకా ప్రతి రైతుకూ చేరలేదు. అయినా ఆ హైబ్రిడ్లు వేసిన ప్రతి చేలోనూ, ప్రతి మొక్కలోనూ, ప్రతి కణంలోనూ ఉన్నది ఆ అడవి తల్లి నుంచి వచ్చిన మైటోకాండ్రియానే. నా విద్యార్థులకు తల్లి వారసత్వం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే తీసుకునేదాన్ని.

ఇంకో విషయం మీకు, ఇనుముతో పని చేసేవాళ్లకు, ప్రత్యేకంగా చెప్పాలి. ఇనుము ఎక్కువున్న ఎర్రనేలల్లో భాస్వరం ఇనుముతో బిగుసుకుపోయి ఉంటుంది. చాలా పంటల వేళ్లకు అది అందదు. కంది వేరు నుంచి పిసిడిక్ ఆమ్లం అనే పదార్థం ఊరుతుంది. అది ఇనుమును పట్టుకుని భాస్వరాన్ని విడిపిస్తుంది. ఎరువు చల్లలేని పేద రైతు ఎర్రచెలకలో కూడా కంది ఎందుకు నిలబడుతుందో దీనివల్ల అర్థమైంది. 1990లో ఈ సంగతిని ప్రపంచానికి చెప్పింది ఇక్రిశాట్‌లో పనిచేసిన జపాన్ శాస్త్రవేత్తల బృందం. బైలాడిలా ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వేసింది జపాన్ సాయంతోనే, ఆ ఖనిజం మొదట వెళ్లిందీ జపాన్‌కే అని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇనుప రాతి కొండల్లో బంధువులున్న మొక్కకు ఇనుముతో వ్యవహరించే ఈ నేర్పు ఉండడం యాదృచ్ఛికం కాదేమోనని నాకు అనిపిస్తుంది. ఆ కొండల మీద పెరిగే అడవి కంది వేళ్లను ఎవరైనా అలా పరీక్షిస్తే బాగుండునని ఎప్పటినుంచో కోరిక.

‘విత్తనాలు పటాన్‌చెరులో భద్రంగా ఉన్నాయి కదా, ఇంకేం భయం’ అని మీరు అడగవచ్చు. చాలామంది చదువుకున్నవాళ్లు కూడా అదే అంటారు. ఇక్రిశాట్ జన్యుబ్యాంకు గొప్ప సంస్థ, దాని మీద నాకు అపారమైన గౌరవం. 13 వేలకు పైగా కంది నమూనాలు అక్కడున్నాయి. వాటిలో చాలావాటిని మైనస్ 20 డిగ్రీల చలిలో దాచారు. నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారానికి కూడా అక్కడినుంచి విత్తనాలు వెళ్లాయి. కానీ ఆ వేల నమూనాల్లో అత్యధికం రైతుల చేలనుంచి వచ్చినవి. కజానిఫోలియస్‌వి వాటిలో కొన్ని మాత్రమే. ఒక నమూనా అంటే ఒక రోజు ఒక కొండవాలు మీద కొన్ని మొక్కల నుంచి ఎవరో కోసుకొచ్చిన కాయలు. పక్క లోయలోని మొక్కల గుణాలు ఆ కవరులో ఉండవు.

పైగా చలిగదిలో గింజ నిద్రపోతుంది. ఏ ఏడు వానలు ఆగిపోయాయో, ఏ ఏడు ఎండలు మండాయో, కొత్త పురుగు ఏది వచ్చిందో దానికి తెలియదు. కొండ మీద ఉన్న మొక్క ప్రతి సంవత్సరం వాటన్నిటినీ ఎదుర్కుని, తట్టుకోలేనివి పోయి, తట్టుకున్నవి గింజ వేసి, కొంచెం కొంచెంగా మారుతూ ఉంటుంది. రేపటి వాతావరణానికి సరిపోయే గుణం పుట్టేది అక్కడే. జన్యుబ్యాంకుకు కూడా పాత నమూనా సత్తువ తగ్గితే, ఆ కొండకే వెళ్లి కొత్త గింజ తెచ్చుకోవాలనిపిస్తుంది. అప్పటికి కొండ ఉండాలి కదా.

ఇప్పుడు మీ పని గురించి. మీ సంస్థ 1958లో పుట్టింది, 1968 నుంచి బైలాడిలాలో తవ్వుతోంది. ఇప్పుడు ఏటా నాలుగు కోట్ల టన్నులకు పైగా ఖనిజం తీస్తున్నారు, దానిలో పెద్ద వాటా బస్తర్‌దే. మన మెట్రో స్తంభాల్లో, ఫ్లైఓవర్లలో, నేను ఉంటున్న అపార్ట్‌మెంటు స్లాబులో ఉక్కు ఉంది. గనులు మూసేయమని అడిగేంత అమాయకురాలిని కాను. తవ్వే ముందు అక్కడ ఏం పెరుగుతోందో చూడమని అడుగుతున్నాను.

అటవీ భూమిని గనికి మళ్లించే కాగితాల్లో చెట్ల లెక్క ఉంటుంది. ఏ జాతి చెట్టు, ఎంత చుట్టుకొలత, ఎన్ని. నడుము ఎత్తు పొదకు, ఏడాదికోసారి మొలిచే తీగకు, గడ్డికి ఆ లెక్కలో చోటు దొరకదు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 1991లో మొదటిసారి మొక్కల జాబితా చేర్చినప్పుడు అందులో పెట్టింది ఆరు మొక్కల్నే. చిక్కుడు కుటుంబం నుంచి ఒక్కటీ లేదు. నరికిన అడవికి బదులుగా వేరే చోట మొక్కలు నాటిస్తారు, అది చట్టం. కానీ ఎక్కడో మైదానంలో వరసలుగా నాటిన టేకూ, వేపా బస్తర్ కొండవాలు మీద పోయిన అడవి కందిని తిరిగి తేలేవు. దీన్ని పరిహారం అనడం నాకు మనసుకు ఎక్కదు.

ప్రమాదం గని నుంచి మాత్రమే రాదు, న్యాయంగా అది కూడా చెప్పాలి. అడవికి పెట్టే మంటలు, పశువుల మేత, రోడ్లు, కొత్త ఊళ్లు అన్నీ ఉన్నాయి. ఇంకొకటి బయటివాళ్లకు కనపడదు. అడవి కంది, సాగు కంది సులువుగా సంకరమవుతాయి. కొండ దిగువ చేలో కంది వేస్తే తుమ్మెదలు ఆ పుప్పొడిని పైకి మోస్తాయి. మొక్క బతికే ఉన్నా, కొన్ని తరాలకు దానిలో అడవితనం పలచబడుతుంది. కాబట్టి చేలకు దూరంగా, కొండ పైభాగాల్లో మిగిలిన మొక్కలకు విలువ ఎక్కువ. ఖనిజం ఉన్నదీ, మీ లీజులు ఉన్నదీ కొండ పైభాగాల్లోనే.

నేను కోరేవి చెబుతాను. మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది: మీ బైలాడిలా లీజులన్నిటిలో, ఇంకా తవ్వని భాగాల్లో, వాటి చుట్టూ ఉన్న వాలుల్లో అడవి కందితోపాటు కజానస్ జాతులన్నిటికీ ఒక సర్వే చేయించండి. అది ఏదో కన్సల్టెన్సీ వాళ్లు ఆఫీసులో కూర్చుని పాత పుస్తకాల నుంచి జాబితా ఎత్తిరాసే సర్వే కాకూడదు. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రం మన హైదరాబాద్‌లోనే ఉంది. మొక్కల జన్యువనరుల జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం రాజేంద్రనగర్‌లో ఉంది. ఇక్రిశాట్ పటాన్‌చెరులో ఉంది. మీరు మాసాబ్ ట్యాంక్‌లో ఉన్నారు. కందికి సంబంధించి ఇంతమంది పెద్దలు ఒకే ఊళ్లో ఉండడం మరే నగరానికీ లేని అదృష్టం. నలుగురూ ఒక బల్ల చుట్టూ కూర్చోవడానికి ఒక్క పూట చాలు.

సర్వేకు వెళ్లేవాళ్లు అక్కడి గోండులను, మురియాలను, హల్బాలను వెంట పెట్టుకోవాలి. ఆ అడవిలో ఏ పొద ఎక్కడుందో వాళ్లకు తెలిసినంత ఎండు మొక్కల నమూనాలు దాచే మన హెర్బేరియాలకు తెలియదు. 2019 జూన్‌లో 13వ డిపాజిట్ అనే ఖనిజ నిక్షేపం ఉన్న కొండ తమ దేవతలదని వేలమంది ఆదివాసీలు కిరండూల్‌లో మీ కార్యాలయం ముందు కూర్చున్నారు. ఆ కొండల మీద వాళ్లకున్న పట్టింపు మీకు అప్పుడే అర్థమై ఉండాలి. వాళ్ల పేరు, వాళ్ల సమాచారం, వాళ్ల కూలి, మూడూ సర్వే నివేదికలో గౌరవంగా ఉండాలి.

మొక్కలు దొరికిన చోట్లలో కనీసం కొన్ని వాలుల్ని తవ్వకం నుంచి శాశ్వతంగా మినహాయించండి. మట్టి దిబ్బలు, రోడ్లు, కన్వేయర్లు అటువైపు రాకుండా ప్లాను మార్చండి. తప్పనిసరిగా పోయే మొక్కల నుంచి ముందుగానే, ప్రతి వాలు నుంచీ విడివిడిగా, గింజలు సేకరించి జన్యుబ్యాంకుకు ఇవ్వండి. తవ్వడం అయిపోయిన బెంచీల (మెట్లలా కోసిన గని వాలుల) మీద తిరిగి పచ్చదనం తెచ్చేటప్పుడు బయటినుంచి తెచ్చిన సుబాబుల్, ఆస్ట్రేలియా తుమ్మ బదులు అక్కడి మొక్కల్నే వాడండి. అడవి కంది పప్పుజాతి మొక్క. దాని వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తుంది. బీడుపడిన గని నేలకు అంతకంటే ఏం కావాలి? దీనికి చిన్న నర్సరీ చాలు. ఏటా ఆగస్టులో మీ పేరుతో మన ఊళ్లో జరిగే మారథాన్‌కు పెట్టే శ్రద్ధలో కొంత దీనికి పెట్టినా జరిగిపోయే పని.

ఇంకొకటి మీ చేతిలో నేరుగా లేదు, కానీ మీ మాటకు బరువుంది. 2002 జీవవైవిధ్య చట్టం 38వ సెక్షన్ కింద అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్ని కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలతో సంప్రదించి ప్రకటించవచ్చు. ప్రకటిస్తే ఆ మొక్కను పెకలించడానికి, సేకరించడానికి కట్టడి వస్తుంది, పునరుద్ధరణ బాధ్యత వస్తుంది. మీ సర్వే ఫలితాల్ని ఛత్తీస్‌గఢ్ జీవవైవిధ్య బోర్డుకు ఇచ్చి అడవి కందిని ఆ జాబితాలో చేర్చమని మీరే రాయండి. గని సంస్థ తానుగా ఒక మొక్కకు రక్షణ కోరితే దాన్ని ఏ అధికారీ పక్కన పెట్టలేరు. 2012 అక్టోబరులో ప్రపంచ దేశాలన్నీ జీవవైవిధ్య సదస్సుకు హైదరాబాద్‌కే వచ్చాయి. ఆ ఊరి సంస్థ నుంచి ఇలాంటి ఉత్తరం వెళ్లడం సబబుగానే ఉంటుంది.

సర్వే ఎప్పుడైనా చేద్దామని వాయిదా వేయడం కుదరదు. కాయ ముదిరి ఇంకా పగలకుండా ఉన్నప్పుడే దీన్ని సాగు కంది నుంచి నమ్మకంగా వేరు చేయగలం. కాయ ఎండి పగిలిందంటే గింజ మట్టిలో కలిసిపోతుంది, సేకరించడానికి ఏమీ మిగలదు. కాబట్టి వానలు తగ్గేలోపే బృందం, అనుమతులు, వాహనాలు సిద్ధమై ఉండాలి. ఈ ఉత్తరం ప్రతులు పైన చెప్పిన సంస్థలన్నిటికీ పంపుతున్నాను. అడవి కంది గింజకూ చేను కంది గింజకూ తేడా మీ సిబ్బందికి చూపించడానికి ఎవరైనా కావాలంటే, ఖనిజ్ భవన్‌కు నేనే వస్తాను. కబురు పెట్టండి.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
మెహదీపట్నం, హైదరాబాద్.